మూడు మడతల సువార్త

ఇది ఒక మహాగాథ. ఇందులో యుద్ధం ఉంది, ఎడారి ఉంది, తెల్లారేసరికి మాయమైపోయిన ఒక దేశం ఉంది, మూటాముల్లె సర్దుకుని ఇసుకదారి పట్టిన వేల జనం ఉన్నారు, ఆ జనం మధ్య పరిశుద్ధ గ్రంథాన్ని గుండెకు హత్తుకున్న ఒక బాలిక ఉంది. ఆ బాలికను నేనే. వినండి.

అని మొదలుపెట్టాలని నాకూ ఉంది. కానీ ఆ యుద్ధంలో నేను ట్యాంకును దగ్గరగా చూసింది ఒక్కసారే. అది మా సందు మొదట్లో ఆగి ఉంది. దాని గొట్టం మీద రెండు బనియన్లూ ఒక తువ్వాలూ ఆరేసి ఉన్నాయి. పక్కన కూర్చున్న సైనికుడు కాలిగోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. ఎడారిలో మేము నడవలేదు, కూర్చుని వెళ్ళాం. గ్రంథాన్ని గుండెకు హత్తుకోవడం కూడా కుదరలేదు, దాన్ని అప్పటికే ముక్కలు చేసుకున్నాం. ఆ సంగతి చెప్తాను. పేర్లూ తేదీలూ మాత్రం రాయను. పేర్లు రాయడం ఒకసారి చేశాను, సరిగా రాలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన శుక్రవారం ఒక పిల్లాడు గుర్తు చేశాడు. నేను మళ్ళీ కువైట్‌లోనే ఉన్నాను, ఒక క్లినిక్‌లో రక్తపరీక్షలు చేస్తాను. మా తెలుగు సంఘంలో పదమూడు దాటిన పిల్లలకి క్లాసు చెప్తాను. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన శుక్రవారం, పిల్లల క్లాసూ శుక్రవారమే, దాని పేరు మాత్రం సండే స్కూలు. ఇన్నేళ్ళలో దీనిమీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆ రోజు "యేసు ఎవరు? మీ మాటల్లో చెప్పండి" అని అడిగాను. వెనక వరుసలో ఒకడు ఫోను చూసి నాలుగు సెకన్లలో పదకొండు బిరుదులు చదివాడు. ఒక్కటీ తప్పు లేదు.

"బాగుంది. ఎక్కడ చదివావో చూపించు," అన్నాను.

వాడు ఫోను చూపించాడు. ఆ మాట నాది కాదని అప్పుడు తట్టింది.

అది పెదనాయన మాట. మాకు ఆయనతో రక్తసంబంధం ఏమీ లేదు. కడప జిల్లాలో ఆయన ఊరికీ మా నాన్న ఊరికీ నాలుగు మైళ్ళు, కువైట్‌లో అంత దగ్గరైతే అన్నదమ్ముల కిందే లెక్క. మా బిల్డింగ్ కింద కొట్లో దర్జీ. అరబ్బు మగవాళ్ళు వేసుకునే పొడవాటి తెల్ల దిష్‌దాషాలు కుట్టేవాడు. భార్యాపిల్లలు ఊళ్ళో ఉండేవాళ్ళు. సంఘంలో ఆయనకంటే చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నా మా క్లాసు ఆయనకే ఇచ్చారు, మాతో వేగడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి.

ఆయన బోధించేవాడు కాదు, అడిగేవాడు. మేం చిలకల్లాగా "దేవుని కుమారుడు, లోకరక్షకుడు" అంటే, "యాడ చదివినావు? చూపియ్యి," అనేవాడు.

"అందరూ అంటారు కదా పెదనాయనా."

"అందరూ అన్నారని ఎవురిదో చొక్కా తెచ్చి నీకు తొడిగితే సరిపోతాదా? కొలత నువ్వే తియ్యాల."

ఆయన క్లాసు ఆరాధనలాగా ఉండేది కాదు, పోలీసు స్టేషన్‌లాగా ఉండేది. సాక్ష్యం లేకుండా ఏ మాటా చెల్లదు.

ఆ ఏడాది వేసవి సెలవులకి చాలామంది ఊళ్ళకి పోయారు. నాన్నకి లీవు దొరకలేదు కాబట్టి చరిత్రకి మేం అందుబాటులో ఉన్నాం. ఆ తెల్లవారుజామున ధనధనమని చప్పుళ్ళొస్తే, పై ఫ్లాటువాళ్ళు బీరువాలు జరుపుతున్నారనుకుని అమ్మ సీలింగ్ వైపు చూసి తిట్టింది. పెదనాయన పాల డబ్బా పట్టుకుని పైకొచ్చాడు.

"ఇరాక్ వాళ్ళొచ్చినారంట."

"ఎన్నాళ్ళుంటారంట?" అంది అమ్మ, చుట్టాల గురించి అడిగినట్టు.

ఎవరికీ తెలియదన్నాడు. అమ్మ టీ పెట్టింది.

తర్వాతి రోజులు నాకు ఎక్కువగా వాసనల్లోనే గుర్తున్నాయి. మా వీధి చివర దుకాణం తలుపులు పగలగొట్టి ఎవరో సరుకంతా తీసుకుపోయారు, ఫ్రీజర్లలో మాంసం మాత్రం వదిలేశారు. ఆ వాసన వారం తర్వాత మా మూడో అంతస్తుకి ఎక్కింది. కాలిన టైర్ల వాసన, బంకలాంటి వేడి. రొట్టె కోసం నాన్న తెల్లారకముందే వరుసలో నిలబడి, ఎండెక్కాక నాలుగు ఖుబ్జ్ రొట్టెలు చేతిలో వేడివేడిగా పట్టుకొచ్చేవాడు. చింతపండు అయిపోయింది. కందిపప్పు అడుక్కి వచ్చింది. మా ఇంట్లో పెద్దవాళ్ళు యుద్ధం గురించి మాట్లాడుకునేవాళ్ళు కాదు, కందిపప్పు గురించే మాట్లాడుకునేవాళ్ళు. నేనూ తమ్ముడూ కిటికీ పరదా వెనక నిలబడి, ఏ సైనికుడి బూట్లు జతవో ఏవి కావో పందెం వేసుకునేవాళ్ళం. జతకానివి చాలానే ఉండేవి. అమ్మకి దొరికినప్పుడు ఇద్దరికీ చెరో మొట్టికాయ.

పదో రోజున అక్క వచ్చింది.

అక్కది గోదావరి వైపు. సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో పని. ఆ ఇంటావిడని పనివాళ్ళందరిలాగే మామా అనేది. మామా నెలకొక శుక్రవారం సంఘానికి పంపించేది, అక్క వచ్చి మా పిల్లల క్లాసులోనే కూర్చునేది, ఎందుకంటే నిజానికి ఆమెకి పద్దెనిమిదేళ్ళు. పాస్‌పోర్టులో మాత్రం ముప్పై. చిన్నవాళ్ళని ఇళ్ళలో పనికి పంపరని ఏజెంటు పన్నెండేళ్ళు కలిపాడు. కాగితం ప్రకారం ఆమె మా అమ్మకన్నా మూడేళ్ళే చిన్నది, కానీ క్లాసులో నా జడ లాగేది.

ఆ రోజు గుమ్మంలో ఒక ప్లాస్టిక్ సంచితో నిలబడింది. కొంత దూరం నడిచి, కొంత దూరం కూరగాయల వ్యానులో వచ్చిందట.

"సాయంత్రానికి వచ్చేత్తాం, పావురాలకి గింజలెయ్యి అని సెప్పి సౌదీ ఎల్లిపోయారండి," అంది. "తొమ్మిది రోజులు ఏసానండి. గింజలు అయిపోయాయండి. గూడు తలుపు తీసేసి వచ్చేసాను."

నాన్న అడిగింది ఒక్కటే. "పాస్‌పోర్టు?"

"మామా బ్యాగులో ఉందండి."

"బ్యాగు యాడుంది?"

"మామా దగ్గరుందండి."

అమ్మ ఆమె చేతిలో సంచి తీసుకుని లోపలికి తీసుకెళ్ళింది. సంచిలో ఒక జత బట్టలు, పాటల పుస్తకం, అరబ్బులు కూరల్లో వేసుకునే ఎండు నిమ్మకాయలు ఒక కిలో ఉన్నాయి. ఆ సాయంత్రం అమ్మ ఆ నల్లటి కాయలు చిదిమి చింతపండు లేని చారు పెట్టింది. కాస్త చేదుగా, పొగ వాసనతో ఉంది. పెదనాయన రెండోసారి పోయించుకుని, "మందు మాదిరి ఉండాది, బాగుండాది," అన్నాడు. అప్పటికి ఆయన కూడా కొట్టు మూసేసి మా హాల్లోనే పడుకుంటున్నాడు.

ఆ నెలంతా ఆ ఇంట్లో ఏ మాట మొదలైనా చివరికి ఒక్క దగ్గరికే వచ్చేది. మా నలుగురికీ పాస్‌పోర్టులున్నాయి. పెదనాయనది ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, ముందే ఇచ్చేశాడు. అక్కకి ఏమీ లేదు. సరిహద్దు దగ్గర కాగితం లేని మనిషిని దించేస్తున్నారని అందరూ చెప్పుకుంటున్నారు. మేము ఎలాగో పోతాం. అక్క ఎలా పోతుంది? ఈ ప్రశ్న భోజనాల దగ్గర మాతో పాటే కూర్చునేది. అక్క ఎదురుగా ఎవరూ దాన్ని ఎత్తేవాళ్ళు కాదు. అక్క లేచి వంటింట్లోకి పోగానే నాన్న గొంతు తగ్గించి మొదలుపెట్టేవాడు. వంటింటికి తలుపు లేదు.

బడి లేదు, బయటికి పోనివ్వరు, టీవీలో ఒకే మనిషి బొమ్మ. నేనూ తమ్ముడూ కొట్టుకోవడం తప్ప పని లేకుండా ఉన్నాం. అది చూసి పెదనాయన క్లాసు రోజూ పెడతానన్నాడు. విద్యార్థులు ముగ్గురు, తెలుగు బైబిలు ఒక్కటి, ఆయనదే. ముగ్గురం దాని మీద పడితే తమ్ముడు మోచేత్తో పొడిచేవాడు. మూడో రోజున పెదనాయన ఆ బైబిలు తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, అంచు కుట్లు విప్పే చిన్న కత్తి తీశాడు.

"అన్నా, ఏం చేస్తాండావు?" అంది అమ్మ.

"కుట్టు విప్పుతాండా. కుట్టేది నాకొచ్చు కదా."

పుస్తకం మడతలు మడతలుగా కుట్టి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నాలుగు సువార్తల్లో అతి చిన్నది తీసి ముగ్గురికీ పంచాడు. తమ్ముడికి మొదటి మడత. దాంట్లో ముందరి సువార్త చివరి పేజీలు కూడా కలిసొచ్చాయి కాబట్టి, వాడి యేసు ముందు సమాధిలోంచి లేచి, తర్వాత తీరిగ్గా బాప్తిస్మం తీసుకున్నాడు. నాకు మధ్య మడత. అక్కకి చివరివి.

నా మడత ఒక ప్రశ్న దగ్గర తెగింది. దారిలో యేసు ఆగి, జనం సంగతి సరే, మీరు నన్ను ఎవరంటారు అని శిష్యుల్ని అడుగుతాడు. పేజీ అయిపోయింది. జవాబు అక్క మడతలో పై వరుసలో ఉంది. అంటే ఆమెది జవాబుతో మొదలవుతుంది, ప్రశ్న లేదు.

"ఈ పేతురుగారు ఉన్నట్టుండి నువ్వు క్రీస్తువి అంటున్నారేంటండి? ఎవరడిగారండి?" అంది అక్క.

"చెప్పొద్దు," అన్నాడు పెదనాయన నాతో. "ఎవురి మడత వాళ్ళు చదువుకోండి. ఇంగేమీ తెలీదనుకోండి. పాటల్లో ఉండేది, సంఘంలో అయ్యగారు చెప్పింది, అమ్మ చెప్పింది, అన్నీ పక్కనబెట్టండి. ఈయన్ని ఎవురెవురు ఏమని పిలిచినారో, అది రాయండి."

రాయడం నాకిష్టం. బడిలో నా దస్తూరికి బహుమతి వచ్చింది. ఒక నోటుబుక్కులో గీతలు గీసి ఎడమ పక్క మనిషి, కుడి పక్క ఆ మనిషి ఆయన్ని పిలిచిన పేరు రాసుకుంటూ పోయాను. నా మడతలో ఊరివాళ్ళు ఆయన్ని వడ్రంగి అన్నారు. సొంత ఊరివాళ్ళు కదా, ఇంకేమంటారు. రాజు, తాను తల నరికించిన మనిషే మళ్ళీ లేచొచ్చాడనుకున్నాడు. పడవలో ఉన్నవాళ్ళు ఒకసారి దయ్యం అనుకున్నారు, ఒకసారి అసలు ఈయన ఎవరు అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కున్నారు. దయ్యం పట్టినవాడొక్కడే తడుముకోకుండా చెప్పాడు. ఇంకొకటి కూడా కనిపించింది. ఆయన బాగుచేసిన వాళ్ళలో చాలామందికి, ఎవరికీ చెప్పొద్దు అని మరీ మరీ చెప్తున్నాడు.

"ఇఖామా అయిపోయినవాడిలాగా ఉన్నాడు పెదనాయనా," అన్నాను. ఇఖామా అంటే కువైట్‌లో ఉండనిచ్చే కాగితం, గడువు తీరినవాళ్ళు ఎవరి కంటా పడకుండా తిరిగేవాళ్ళు.

అమ్మ వంటింట్లోంచి అట్లకాడతో వచ్చింది. పెదనాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎవురికీ చెప్పొద్దన్నాడు అని రాయి. ఎందుకన్నాడో నాకు తెలీదు అని కూడా రాయి. తెలీనిది రాయకపోతే ఈ లెక్క తప్పు."

తమ్ముడు లేచాడు. "నా దాంట్లో వాళ్ళింట్లోవాళ్ళే ఈయనకి మతి చెడింది అన్నారు."

"అట్లా అనగూడదు రా," అంది అమ్మ.

"ఉండాదిమ్మా," అన్నాడు పెదనాయన. "వాడు చూపించినాడు కదా."

అమ్మ కూడా అట్లకాడ పక్కన పెట్టి వాడి భుజం మీద నుంచి చూసింది. ఉంది. చాలాసేపు ఆ పేజీ వైపే చూసింది. ఇరవై ఏళ్ళుగా బైబిలు చదివిన మనిషి.

అక్క ఆరో తరగతి వరకే చదివింది. వేలు పెట్టి, మెల్లగా, పైకి చదివేది. ఆమె మడతలో యేసు ఒకే వైపు నడుస్తూ ఉంటాడు, పట్నం వైపు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ దారి మంచిది కాదంటారు. చివరికి పట్టుకుంటారు, అందరూ పారిపోతారు. ఒంటిమీద నారబట్ట వదిలేసి పరిగెత్తిన ఒక కుర్రాడి దగ్గర పెదనాయన చదువు ఆపి, ఆ బట్ట ఎన్ని గజాలుంటుందో ఆలోచించాడు. అక్కకి మాత్రం పెద్ద యాజకుడి ఇంటి వాకిలి దగ్గర చదవడం ఆగిపోయింది. అక్కడ చలిమంట దగ్గర పేతురు నిలబడి ఉంటే, ఆ ఇంటి పనిపిల్ల చూసి, నువ్వు కూడా ఆయనతో ఉన్నవాడివే అంటుంది.

"అంతమందిలో పనమ్మాయే గుర్తుపట్టిందండి," అంది అక్క.

"అవును."

"ఇంట్లోకి ఎవరొచ్చారో, ఎవరెల్లారో పనమ్మాయికే తెలుత్తాదండి. ఆ అమ్మాయి పేరు రాయలేదేంటండి?"

పెదనాయన పేజీ తీసుకుని చూశాడు. "రాయలేదు," అన్నాడు. "ఆ పిల్ల చెప్పింది మాత్రం రాసినారు."

అక్క మళ్ళీ మొదట్నించి చదివింది. ఎదురుగా కూర్చుని నేను నా నోటుబుక్కులో గీతలు గీసుకుంటున్నాను. వారం ఆఖరికి ముగ్గురం మడతలు కలిపి, యేసు ఎవరో ఎవరికి వాళ్ళు చెప్పాలి. అది పరీక్ష. ఆ పరీక్ష జరగలేదు.

ఆ వారం మధ్యలో నాన్న కబురు తెచ్చాడు. బస్సులు వేస్తున్నారు, ఇరాక్ మీదుగా జోర్డాన్‌కి. ఇంటికొక జాబితా ఇవ్వాలి. పాస్‌పోర్టు లేనివాళ్ళ పేరు పాత రికార్డుల్లో వెతికి, దొరికితే ముందే ఒక కాగితం తయారుచేసి ఉంచుతారు. అది చూపిస్తే బస్సెక్కొచ్చు. అక్క సంగతి తేలినట్టే అని అమ్మతో చెప్పి, నాన్న రొట్టె వరుసకి పోయాడు. పోతూ, "ఆరుగురి పేర్లూ ఇంగ్లీషులో రాసి పెట్టు, నీ దస్తూరి బాగుంటాది," అని నాతో అన్నాడు. రికార్డుల సంగతి నాన్నకి తెలుసు. నాకు తెలియదు. నాకు తెలియదని నాన్నకి తెలియదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా వైపు మావాళ్ళలో మనిషికి రెండు పేర్లు. ఒకటి బాప్తిస్మం పేరు, ఇంట్లో పిలవడానికీ సంఘంలో పలకడానికీ. ఒకటి సర్టిఫికెట్ పేరు, బడికీ, ఎమ్మార్వో ఆఫీసుకీ, పాస్‌పోర్టుకీ. రెండెందుకో ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

నేను మొదట మా నలుగురివీ సర్టిఫికెట్ పేర్లే రాశాను. పెదనాయన పేరు దగ్గర ఆగాను, ఆయన రెండో పేరు నాకు తెలియదు, కింద కొట్టు కడుగుతున్నాడు. అక్కని అడిగితే బాప్తిస్మం పేరు చెప్పింది. అడిగినదానికి ఎవరైనా అదే చెప్తారు. ఒకే కాగితం మీద రెండు రకాల పేర్లు నాకు నచ్చలేదు. కొన్ని రోజులుగా ఎవరిని ఏమని పిలుస్తారో రాస్తూ ఉన్న చెయ్యి. ఆ కాగితం చింపేసి కొత్తదాని మీద ఆరుగురివీ పిలిచే పేర్లే రాశాను, పెద్ద అక్షరాల్లో, వరుస తప్పకుండా. చూడటానికి బాగుంది. నాన్న వచ్చి మడిచి జేబులో పెట్టుకుని తీసుకుపోయాడు. తెరిచి చూసినా తేడా తెలిసేది కాదేమో. అవి మా పేర్లే కదా.

బస్సుల దగ్గర పొద్దున్నే నిలబడ్డాం. ఒక బడి ఆవరణ. పెట్టెలు, పరుపులు, ఒకాయన దగ్గర టేబుల్ ఫ్యాను. నీడలో ఒక ఇరాకీ ఆఫీసరు పుచ్చకాయ తింటున్నాడు. మన దేశం మనిషే ఒకాయన, ఉత్తరాదివాడు, జాబితాలు పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. నిద్రలేని కళ్ళు, మర్యాదైన గొంతు. మమ్మల్ని పిలిచాడు. ఐదు పాస్‌పోర్టులు ఇచ్చాం. తెరిచాడు, జాబితా చూశాడు, మమ్మల్ని చూశాడు.

"యే లోగ్ కౌన్ హైఁ?" అన్నాడు, వీళ్ళంతా ఎవరు అని.

ఆ కాగితం ప్రకారం మా ఆరుగురిలో ఒక్కరు కూడా మేము కాదు.

నాన్న హిందీలో సర్దిచెప్పాడు. ఆయన ఎర్ర పెన్నుతో ఒక్కొక్క పేరే కొట్టేసి, పాస్‌పోర్టు చూసి పక్కన రాశాడు. ముందు పెదనాయనది అయింది, ఆయన బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. తర్వాత మా నలుగురివీ. వెనక వరుస గొణుగుతోంది. అక్క దగ్గర ఆయన పెన్ను ఆగింది. కొట్టేయొచ్చు, కానీ పక్కన రాయడానికి చూసే పాస్‌పోర్టు లేదు. తయారుచేసిన కాగితాల కట్ట రెండుసార్లు తిరగేశాడు. నేను రాసిన పేరుతో రికార్డుల్లో ఎవరూ లేరు, కాబట్టి కాగితం లేదు.

అక్క అప్పుడు తన రెండో పేరు చెప్పింది, మెల్లగా. మేమెవరం అంతకుముందు వినలేదు. మంచి పేరు. ఆయన రాసుకున్నాడు. ఈ పేరుతో వెతకాలి, రేపో ఎల్లుండో కాగితం వస్తుంది, తర్వాతి బస్సులో పంపిస్తాం అన్నాడు. నాన్న ఆఫీసరు దగ్గరికి పోయి ఏదో చెప్పాడు. ఆఫీసరు పుచ్చకాయ గింజ ఊసి తల అడ్డంగా ఊపాడు.

ఉత్తరాది మనిషి మా వైపు తిరిగాడు. "ఇస్‌కే సాథ్ కౌన్ హై?"

ఈమెతో ఎవరున్నారు అని. మామూలు ప్రశ్నే. ఒంటరి ఆడపిల్లని ఆ ఆవరణలో ఉంచాలంటే తోడుగా ఎవరి పేరు రాసుకోవాలో ఆయనకి తెలియాలి. అమ్మ చెయ్యి తమ్ముడి మణికట్టు మీద బిగిసింది. నాన్న బస్సు ముందు టైరు వైపు చూశాడు. నేను నా చెప్పు వైపు చూశాను, దాని బకిలు వదులుగా ఉంది, వంగి సరిచేసుకున్నాను. ఆ ప్రశ్న హిందీలో ఉంది కాబట్టి అర్థం కాలేదని చెప్పుకోవచ్చు. నాకు హిందీలో క్లాసులో రెండో ర్యాంకు.

అక్క ఎవరి వైపూ చూడలేదు. జవాబు ముందే తెలిసినదానిలాగా నిలబడింది.

బస్సు తలుపు దగ్గర గొడవ వినిపించింది. ఎక్కేవాళ్ళకి అడ్డంగా ఎవరో దిగుతున్నాడు, వాళ్ళు తిడుతున్నారు. పెదనాయన మూట భుజాన వేసుకుని వచ్చాడు.

"నేనుండా," అన్నాడు తెలుగులో. తర్వాత, "మై హూఁ."

"ఆప్ ఇన్‌కే కౌన్?" ఈమెకి మీరేమవుతారు అని అడిగాడాయన, పెన్ను పట్టుకుని.

పెదనాయన ఆలోచించాడు. తండ్రి అనో బాబాయి అనో అంటే సరిపోయేది. ఆయన చూపించలేని మాట అనడు.

"క్లాసు," అన్నాడు. "మేమంతా ఒకే క్లాసు."

ఆయన దానికి హిందీలో ఏం రాసుకున్నాడో తెలియదు. రాసుకున్నాడు.

"అన్నా, మేమూ ఉంటాం," అంది అమ్మ, అప్పుడు.

"యల్లా యల్లా, ఎక్కండి. పిలకాయలకి ఎండ తగుల్తాండాది."

నేను అక్కకి సారీ చెప్పాలనుకున్నాను. నోరు తెరిస్తే, "తర్వాతి బస్సులో నీకు కిటికీ సీటు దొరుకుతుందిలే," అని వచ్చింది.

అక్క నవ్వింది. "నీ దస్తూరి బాగుంటాదమ్మా," అంది. ఎగతాళి కాదు. ఎగతాళి అయితే బాగుండేది.

వాళ్ళ రెండు సీట్లూ నిమిషం కూడా ఖాళీగా లేవు. టేబుల్ ఫ్యాను ఆయన ఒకదాంట్లో కూర్చున్నాడు, ఇంకోదాంట్లో ఫ్యాను పెట్టాడు, తర్వాత ఎవరో అరిస్తే ఫ్యాను ఒళ్ళోకి తీసుకున్నాడు. బస్సు కదిలింది. వాళ్ళిద్దరూ గోడ నీడలో మూట మీద కూర్చుని ఉన్నారు. పెదనాయన బైబిలు మడతలు బయటికి తీస్తున్నాడు. చెయ్యి ఊపుతారేమోనని చూశాను, ఊపలేదు. పనిలో ఉన్నారు.

ఏడుపు రాలేదు. రావాలని కొంతసేపు ప్రయత్నించాను కూడా. దారంతా నాకు ఇసుక, ఆగడం, మళ్ళీ ఇసుక. బస్రా దగ్గర ఎవరో ఖర్జూరాలు పంచారు. జోర్డాన్‌లో డేరాలు, టమాటాలు, నీళ్ళ కోసం వరుస. విమానంలో తమ్ముడు నిద్రపోయాడు. బొంబాయిలో వాన పడుతోంది. రైలు దిగగానే అవ్వ మమ్మల్ని తడిమి చూసి బక్కచిక్కారంది. ఎవరు అడిగినా నేను బనియన్లు ఆరేసిన ట్యాంకు గురించి చెప్పేదాన్ని, బాగా నవ్వేవాళ్ళు. జాబితా గురించి చెప్పేదాన్ని కాదు. అమ్మా నాన్నా కూడా ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తలేదు.

మేం చేరిన రెండు వారాలకి పెదనాయన ఊరొచ్చాడని కబురొచ్చింది. మద్రాసులో అక్కని గోదావరి వైపు రైలెక్కించి వచ్చాడట. యుద్ధం అయ్యాక మామా సౌదీ నుంచి తిరిగొచ్చి, బ్యాగు సర్దుకుంటుంటే పాస్‌పోర్టు కనబడిందట, వీసా పంపింది. అక్క అదే ఇంట్లో ఇంకో పద్నాలుగేళ్ళు పనిచేసింది.

పోయిన శుక్రవారం క్లాసులో నేను ఈ కథ చెప్పలేదు. పిల్లలు ఫోన్లు చూసుకుంటారు, అదీగాక ఇందులో నా పాత్ర ఏమంత బాగాలేదు. వాళ్ళ ఫోన్లు ఒక బుట్టలో వేయించి ఆ చిన్న సువార్తే ముక్కలుగా ఇచ్చాను, జిరాక్స్ తీసి. ఎవరు ఏమని పిలిచారో రాయమన్నాను. పదకొండు బిరుదుల కుర్రాడు చాలాసేపు చదివి, "అక్కా, ఇందులో ఆయన తనెవరో తను చెప్పడమే తక్కువ. దగ్గరున్నవాళ్ళు చూసి చెప్పాలి," అన్నాడు. చూపించమన్నాను. చూపించాడు. మా ఇంట్లో జరగని పరీక్షలో ఎవరో ఒకరు కొంతవరకు పాసయ్యారు.

నేనైతే ఏం రాసేదాన్నో చాలా ఏళ్ళు తెలియలేదు. తెలిశాక పెద్దగా ఆశ్చర్యం కూడా కలగలేదు. ఆ ఆవరణలో, ఎండలో, నేను చెప్పు సరిచేసుకుంటున్నప్పుడు పెదనాయన బస్సు దిగి కొలత నా ఎదురుగానే తీశాడు. నేను దాన్ని సువార్తలో వెతికి సరిపోయిందా అని చూసుకోవడమే మిగిలింది. సరిపోయింది.

పెదనాయన పోవడానికి ముందు సంవత్సరం కడపలో ఒక పెళ్ళిలో కనబడ్డాడు. చూపు తగ్గింది, నా జాకెట్ కుట్టు మాత్రం వేలితో తడిమి, బాలేదన్నాడు. భోజనాల పక్కన కుర్చీలేసుకుని కూర్చున్నాం. అప్పుడు అడిగాను.

"ఆ రోజు ఎందుకు దిగినావు పెదనాయనా?"

ఆయన వక్క నమిలాడు. గొప్ప మాట ఏదో వస్తుందని నేను సిద్ధంగా కూర్చున్నాను. అన్నింటినీ ఎగతాళి చేసే నేను, ఆ ఒక్కదానికి చెయ్యకూడదని కూడా అనుకున్నాను.

"నాకు బస్సు పడదు పాపా," అన్నాడు. "వాంతులైతాయి. ఎక్కి కూచున్నానే గాని, ఆ పెట్రోలు వాసనకి అప్పుడే తిప్పింది. దిగేదానికి ఏందో ఒక సాకు దొరికింది."

నాకు చాలా తేలికైంది. నవ్వాను, ఆయనా నవ్వాడు. పెళ్ళివాళ్ళు పాయసం తెచ్చారు.

ఆ ఆవరణ నుంచి మేం వచ్చేసిన నాలుగు రోజుల తర్వాత ఆయన్నీ అక్కనీ తీసుకుపోయింది కూడా బస్సే. అదే దారి. మాది కాస్త కొత్తది, వాళ్ళదానికి కిటికీ అద్దాలు దిగేవి కావట.